నూకరత్నం నూకలు

నైవేద్యం వండేవాళ్ళు తీపి సరిపోయిందో లేదో ఎలా తెలుసుకుంటారు? ఎవరైనా చెప్పండర్రా.

"కాస్త నాలిక మీద వేసుకుని" అంటున్నావా బుజ్జీ? తప్పు. తెలుసుకోరు. దేవుడికంటే ముందు మన నోటికి తగిలితే అది ఎంగిలి. హారతి అయ్యేదాకా వండిన చేతికి తప్ప వండినవాళ్ళ నోటికి దాని సంగతి తెలియకూడదు. ఈ మాట గుర్తుంచుకోండి, కథంతా దీనిమీదే నడుస్తుంది.

తాండవ నది ఒడ్డున సూరన్నగారి ఆశ్రమం ఉండేది. ఆయనకో అలవాటు. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. అక్కడ ప్రతి పున్నమికీ సత్యనారాయణ వ్రతం. గోధుమ నూకని నేతిలో వేయించి, బెల్లం పాకం పోసి, యాలకులు చల్లి చేసే ప్రసాదం కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చేవారు. ఆ వంట నూకరత్నానిది. ఊళ్ళో బట్టలు కుట్టుకుని బతికే మనిషి. అయితే ప్రసాదం దొప్ప తన చేతికి వచ్చినప్పుడు మాత్రం కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇచ్చేసేది.

ఆశ్రమంలో పెద్ద శిష్యుడు భీమశంకరం. పాండిత్యం ఉంది, గొంతుంది, నలుగురినీ నవ్వించే నోరూ ఉంది. ఒక పున్నమినాడు ఆ దొప్ప చేతులు మారడం అతని కంటపడింది.

"ఏమ్మా నూకరత్నం! పేరులో ఉన్న నూక నోట్లోకి పోదా?"

"గోధుమ పడదు బాబూ. పేగులు పుండవుతాయన్నారు విశాఖ డాక్టరుగారు. ఈ జన్మకి ముట్టొద్దన్నారు."

"ఓహో! సినిమావాళ్ళ పథ్యం మన ఊరిదాకా వచ్చిందన్నమాట! రేపు స్వామివారు కూడా నాకు నూక పడదు, ఓట్స్ పెట్టండంటారేమో!"

పందిరంతా గొల్లున నవ్వింది. ఎవరో వెనకనుంచి "చపాతీని చూస్తే మూర్ఛపోతుందేమో, పక్కన నీళ్ళుంచండి" అన్నారు. నూకరత్నం తలెత్తలేదు. జనం పల్చబడ్డాక గురువుగారి దగ్గరికి వెళ్ళి, "నాకిక్కడ నూకలు చెల్లినట్టున్నాయి. ఇంక రాను, సెలవిప్పించండి" అంది.

"వచ్చే పున్నమికి ఒక్కసారి వచ్చి ఊరికే కూర్చో తల్లీ. ఆపైన నీ ఇష్టం" అన్నారాయన.

ఆమె వెళ్ళాక భీమశంకరం అడిగాడు. "గురువుగారూ, ప్రసాదం వద్దనడం అపచారం కాదా? ఒక్క చిటికెడు వేసుకుంటే ఏమవుతుంది? ఆమాత్రం నోరు కట్టుకోవడం కూడా ఒక గొప్పేనా?"

"వచ్చే పున్నమికి వంట నువ్వు చెయ్యి" అన్నారు సూరన్నగారు.

చేశాడు. తెల్లవారుజామునే స్నానం చేసి, మడి కట్టుకుని, ఉపవాసంతో పొయ్యి ముందు కూర్చున్నాడు. నెయ్యి కాగింది. నూక ఎర్రబడుతుంటే ఆ వాసనకి ఆకలి రెట్టింపైంది. మనసులో మంత్రం చదువుకుంటూ పాకం పోశాడు. కుతకుతమంటూ ఒక బొట్టు ఎగిరి వేలిమీద పడింది. చురుక్కుమంది.

కాలిన వేలు ఎక్కడికి పోతుంది? నోట్లోకే పోయింది.

తియ్యగా ఉంది. తియ్యగా ఉందని తెలిశాకగానీ ఏం జరిగిందో భీమశంకరానికి తెలియలేదు. ఆ ఎంగిలి వేలితో మళ్ళీ పట్టుకున్న గరిటె ఇంకా గుండిగలోనే ఉంది. చుట్టూ చూశాడు. గడప దగ్గర కూర్చున్న నూకరత్నం తప్ప ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూపు తిప్పేసుకుంది. నోరు మూసుకుంటే గడిచిపోయేది. కానీ బయట నైవేద్యానికి వేళయిందని శంఖం ఊదుతున్నారు.

"ఎంగిలైపోయింది" అన్నాడు.

నూకరత్నం లేచింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని, నూక పొడి లోపలికి పోకుండా పైట నోటికీ ముక్కుకీ చుట్టుకుంది. "నూక ఇంకా ఉందా బాబూ?" అని అడిగింది.

అతను డబ్బా మూత తీసి చూశాడు. "ఉందమ్మా," అన్నాడు. "చెల్లలేదు."

వేరే గుండిగ ఎక్కింది. మళ్ళీ అదే నెయ్యి, అదే వాసన. పాకం పోసేటప్పుడు ఆమె మణికట్టుమీద కూడా ఒక బొట్టు పడింది. చెయ్యి ఉలిక్కిపడింది, అంతే. తడిగుడ్డకేసి తుడుచుకుని మళ్ళీ గరిటె అందుకుంది. భీమశంకరం ఆ చేతినే చూస్తున్నాడు. గుళ్ళో మూలవిరాట్టు ముందు తెర తీసినప్పుడు ఎలా నిలబడతామో, అలా నిలబడిపోయాడు.

హారతి అయింది. దొప్పలు పంచారు. నూకరత్నం తన దొప్ప కళ్ళకద్దుకుని, ఎప్పటిలాగే పక్కకి చాపింది. ఈసారి పక్కనున్నది భీమశంకరం. రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు. తినలేకపోయాడు. దొప్పతో గురువుగారి ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వు తిను శంకరం. మన మడి హారతి దాకానే," అన్నారు సూరన్నగారు. "జన్మంతా నోరు కట్టుకునే ఆవిడకి హారతి ఇంకా కాలేదు."

అదర్రా సంగతి. ఏం బుజ్జీ, ఏదో అడగబోతున్నావు? ఆలోచించుకో ముందు. మునగాకు సగం దూసి చేటలోనే వదిలేసి వచ్చాను, వాడిపోతుంది.