అచ్చియ్యమ్మ వాల్చిన పెనం

మన ముత్తాతల ముత్తాతలు ఉగ్గుపాలు తాగే రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. చలికాలం వస్తే ఆ ఊరికి భయం. సూర్యుడు ముసలివాడైపోతున్నాడనీ, ఏదో ఒక ఏడు ఆరిపోతాడనీ.

ఆ ఊరి పండితుడు శంభుశాస్త్రి. ఏళ్ల తరబడి కర్ర పాతి నీడలు కొలిచాడు. అసలు సంగతి కనిపెట్టి సంతలో చెప్పాడు.

"భూమి ఒరిగి తిరుగుతుంది. శీతకాలంలో కిరణాలు ఏటవాలుగా పడి, తేజస్సు విస్తరించి మందగిస్తుంది."

జనం తలలూపారు. ఒక్కరికీ అర్థం కాలేదు.

అట్లమ్మే అచ్చియ్యమ్మ మాత్రం ఆయన వెంటపడింది. "ఏటవాలంటే ఏంటి బాబూ? విస్తరించడమంటే?" అని పొద్దుగూకేదాకా అడిగింది. మర్నాడు పొయ్యి దగ్గర జనానికి చూపించింది.

"ఇదిగో, గరిటెడు పిండి. పెనం తిన్నగా ఉంటే అట్టు మందం. ఇప్పుడు పెనం వాల్చాను. అదే గరిటెడు! ఎంత దూరం పాకిందో, ఎంత పలచనైందో చూడండి. పిండి తగ్గిందా?"

"లేదు!"

"ఎండా తగ్గలేదు. మన పెనం వాలిందంతే."

జనం నవ్వారు. భయం పోయింది. గుంపు వెనకున్న శాస్త్రికి కడుపు మండింది. 'కొలిచింది నేను. పేరు దీనికా!' అనుకుని విసవిసా వెళ్లిపోయాడు.

రెండో చలికాలం పొరుగూళ్లవాళ్లూ వచ్చారు. శాస్త్రీ వచ్చాడు. పెనం వాలేదాకా ఉన్నాడు. కడుపు మండింది, వెళ్లిపోయాడు.

మూడో చలికాలం తనే ఒక పెనం కొని వాల్చాడు. పిండంతా జారి పొయ్యిలో పడింది.

"శాస్త్రులుగారూ, సూర్యుడు ఆరిపోయాడండీ!" అని ఎవరో అరిచారు.

శాస్త్రి అచ్చియ్యమ్మ మీదికి వెళ్లాడు. "నా మాట నువ్వు అమ్ముకుంటున్నావు!"

"ఒక్కసారి చివరిదాకా ఉండండి బాబూ" అందావిడ.

ఉండలేదు.

ఆ వేసవిలో అచ్చియ్యమ్మ పోయింది. నాలుగో చలికాలం ఆమె కూతురు గౌరీసు పెనం పట్టింది. ఇక ఎవరి మీద మండాలో తెలియక శాస్త్రి చివరిదాకా నిలబడ్డాడు.

గౌరీసు పెనం దింపి చేతులు జోడించింది. "ఇది మా తెలివి కాదు. ఎండలో నిలబడి నీడలు కొలిచిన శంభుశాస్త్రులుగారిది. ఆయనకి దండం పెట్టి అట్టు తినండి."

జనమంతా దండం పెట్టారు.

"ఇదెప్పుడు చేర్చావే?" అన్నాడు శాస్త్రి.

"చేర్చడమేంటి బాబూ? మొదటి రోజు నుంచీ అమ్మ ఇలాగే ముగించేది. అందరూ దండం పెడుతుంటే మీకోసం వెతికేది. మీరు ఉండేవారు కాదు."

శాస్త్రి ఆ పొయ్యి దగ్గరే కూలబడ్డాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో చలికాలపు మొదటి అట్టు పెనం వాల్చి పోస్తారు. దాన్ని అచ్చియ్యమ్మ అట్టంటారు. ఇంకొకరి పేరు వినలేక ఎవరైనా మధ్యలో మొహం మాడ్చుకుని లేస్తే, చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు.

"ఉండు నాయనా, దండం ఇంకా రాలేదు" అంటారు.