సూదమ్మ ఫోను మీద గుబురయ్య కన్ను

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి, ఆ ఎలుగుబంటి చేతిలో ఒక సెల్‌ఫోను. నవ్వదలచినవారు ఇక్కడే నవ్వేసుకోండి, కథ కాసేపు ఆగుతుంది. ఎలుగుబంటికి ఫోనేమిటి, అడవిలో సిగ్నలేమిటి అని అడిగే పెద్దమనుషులుంటే ముందు వరసలోకి వచ్చి కూర్చోండి. ఇందులో ఒక్క మాట అబద్ధమని తేల్చితే మీసం తీయించుకుంటామని ఈ కథ చెప్పినవారంతా పందెం కాశారు. ఇంతవరకు ఒక్క మీసమూ పోలేదు.

ఆ ఎలుగు పేరు గుబురయ్య. భార్య నేరేడమ్మ. ఇద్దరు పిల్లలు. తాతలనాటి ఆస్తిగా వాళ్ళకు మూడు తేనెచెట్లు ఉండేవి. ఇప్ప ఒకటి, వేప ఒకటి, మద్ది ఒకటి. మద్దిచెట్టు ఎంత ఎత్తంటే, మబ్బులు దాన్ని దాటలేక పక్కకు తప్పుకొని పోయేవి. ఏడాది పొడుగునా ఆ మూడు చెట్ల తేనే ఆ సంసారానికి తిండి.

గుబురయ్య ఫోను మంచిదే. మాట వినిపించేది, ఫొటో తీసేది, పాట పాడేది. కాకపోతే తేనె తాగిన చేత్తోనే దాన్ని పట్టుకునేవాడు. అందుకని దాని నిండా జిగురు, జిగురు మీద దుమ్ము. కొన్ననాడు అది ఏ రంగులో ఉండేదో గుబురయ్యకే గుర్తులేదు.

ఆ అడవిలో ఫోన్లు అమ్మేది పసిడిముక్కు అనే గోరింక. దాని మాట ఎంత చురుకంటే, వినేవాడు వద్దు అనడానికి నోరు తెరిచేలోపే సరుకు వాడి చంకలో ఉండేది. కార్తెకొక కొత్త రకం దింపేది. రోహిణి కార్తెలో వచ్చిన ఫోను మృగశిరకు పాత. మృగశిరలో వచ్చింది ఆరుద్రకు పాత.

మృగశిర ప్రవేశించిన రోజున నెమలి కొత్త ఫోను పట్టుకొని వాగు గట్టున నిలబడింది. పట్టపగలు చంద్రుణ్ణి ఫొటో తీసింది. అందులో చంద్రుడి మీది కుందేలుకు మీసాలు కూడా కనబడ్డాయి. అడవి అంతా ఆహా ఓహో అంది.

గుబురయ్య అనలేదు. అతని కడుపులో ఒక నిప్పురవ్వ పడింది. 'సరిగా ఎగరడం కూడా రాని పక్షి. దీనికి ఇంత ఫోనా' అనుకుంటూ గోరింక అంగడికి పోయాడు.

"మీ పాత ఫోను ఇవ్వండి, ఇప్పచెట్టు ఇవ్వండి. నెమలి పట్టుకున్న ఫోనే మీరూ పట్టుకుపోండి దొరా," అంది గోరింక.

"మరి పాతదానికి విలువ కట్టవా?"

"కట్టాను కదా దొరా. అందుకే ఒక్క చెట్టుతో సరిపెట్టాను."

ఇప్పచెట్టు పోయింది. పాత ఫోను అంగడి మూలన బుట్టలో పడింది.

ఆ సాయంత్రమే సూదమ్మ అనే ముళ్ళపంది ఆ బుట్ట దగ్గర ఆగింది. కాసిని అడవి దుంపలిచ్చి ఆ ఫోను తీసుకుంది. ఇంటికి తెచ్చి బూరుగుదూది తడిపి తుడిచింది. తన ముల్లే ఒకటి పీకి, దాంతో ఫోను చెవి రంధ్రాల్లో గడ్డకట్టిన తేనె గీకి తీసింది. జిగురంతా వదిలేసరికి పాలపిట్ట రెక్కలాంటి నీలం బయటపడింది.

ఆరుద్ర వచ్చింది. ఈసారి కొత్త ఫోను కొండముచ్చు చేతికొచ్చింది. దాన్ని తాకనక్కరలేదు, నోటితో అడిగితే చాలు. కొండముచ్చు తలకిందులుగా వేలాడుతూ "వాన ఎప్పుడు" అని అడిగాడు. "ఇప్పుడే" అంది ఫోను. ఆ మాటకు జడిసి వాన అప్పటికప్పుడు కురిసింది.

గుబురయ్య తన ఫోను వంక చూసుకున్నాడు. నిన్నటిదాకా ముద్దొచ్చింది. ఇవాళ తెగిన చెప్పులా కనబడింది.

"ఇది పోయిన కార్తెది కదా దొరా," అంది గోరింక జాలిగా. "దీన్ని పట్టుకొని నలుగురిలో ఎలా తిరుగుతున్నారో ఏమో."

వేపచెట్టు కూడా పోయింది.

ఇంటికొచ్చేసరికి నేరేడమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏవయ్యా, ఆ ఫోను పిండితే తేనె కారుతుందా?"

"నీకు తెలియదులే. కొండముచ్చు ముందు నేను తలెత్తుకు తిరగాలా వద్దా?"

"తిరుగు. పిల్లలు నీ ఎత్తిన తల నాకి బతుకుతారు," అంది నేరేడమ్మ. "ఇంకొక్క మాట. నాలుగు నోళ్ళకు ఇక మిగిలింది మద్దిచెట్టొక్కటే. దాని జోలికి పోయావా, ఈ గుమ్మం తొక్కకు."

సరేనన్నాడు. పునర్వసు వచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

పునర్వసులో ఒక పొద్దున్న గుబురయ్య వాగులో నీళ్ళు తాగుతున్నాడు. అవతలి ఒడ్డున సూదమ్మ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. ఫోనుకు ఈతాకుతో అల్లిన తొడుగు. తొడుగులోంచి నీలం తళతళ. ఆ తళుకు నీళ్ళ మీద పడేసరికి వాగులో చేపలు రెండో సూర్యుడు పొడిచాడనుకొని పైకి లేచాయి. అవతలివారి మాట ఈ ఒడ్డుకు కూడా గంట కొట్టినట్టు వినబడింది.

గుబురయ్య నీళ్ళు తాగడం మరిచి అటే చూశాడు. నెమలిని చూస్తే నిప్పురవ్వే, కొండముచ్చును చూస్తే కుంపటే. సూదమ్మను చూసేసరికి కడుపులో కార్చిచ్చు లేచింది. ఆ సెగకు వాగు జానెడు ఇంకిపోయింది. నెమలికి దర్జా ఉంది, కొండముచ్చుకు పైకొమ్మ ఉంది, సరే. దుంపలు తవ్వుకునే సూదమ్మకు కూడా తనకన్నా గొప్ప ఫోనా?

ఒక్క గెంతులో వాగు దాటాడు.

"చెల్లెమ్మా, ఏ కార్తెది అది?"

"కార్తెలు నాకేం తెలుసన్నయ్యా. ఇది నీ పాతదే. గోరింక బుట్టలో ఉంటే దుంపలిచ్చి తెచ్చుకున్నాను."

గుబురయ్య నవ్వాడు. "నాది మట్టిరంగు. మాట్లాడితే గుసగుసలే. నాకు తెలియదా? ఇది ఇంకా అంగడికి రాని రకం, అవునా?"

"తుడిచానన్నయ్యా. అంతే."

ఆమె కాదన్నకొద్దీ ఫోను విలువ అతని కంట్లో పెరిగిపోయింది. ఇంత దాస్తోందంటే ఇంకెంత గొప్పదో. ఒళ్ళు మరిచి అనేశాడు: "నా ఫోను తీసుకో. పైన మద్దిచెట్టు కూడా తీసుకో. అది నాకిచ్చెయ్."

ఈ మాట గాలికంటే ముందు గోరింకకు చేరింది. బేరం కుదిరితే తనకో వాటా దొరక్కపోదని అది వచ్చి కొమ్మ మీద వాలింది. "ఇచ్చెయ్ సూదమ్మా. చెట్టు పోగొట్టుకునేవాడికి లేని బాధ నీకెందుకు?"

సూదమ్మ మద్దిచెట్టు వైపు చూసింది. ఆ చెట్టు తనదైతే ఇక దుంపలు తవ్వే పనే ఉండదు. తరువాత తల తిప్పుకుంది.

"నేరేడమ్మ వదిన పిల్లలూ తినాలిగా," అంది. "అన్నయ్యా, చెట్టు సంగతి తరువాత. ముందిటు చూడు." ఫోను ఎత్తి అతని మొహానికి ఎదురుగా పట్టింది.

ఫోను తెరుచుకుంది.

సూదమ్మ వేలితో గీత గీస్తే గాని తెరుచుకోని ఫోను, గుబురయ్య మొహం చూడగానే తలుపు తీసింది. అతను దాన్ని మరిచాడు గాని అది అతన్ని మరవలేదు. గోరింక అంతటిది బేరం మాటే మరిచింది. అది పుట్టాక అదే మొదటిసారి.

లోపల పాత ఫొటోలన్నీ అలాగే ఉన్నాయి. ఇప్పచెట్టు కింద ఒక ఎలుగు వెల్లకిలా పడుకొని ఉన్నాడు. మూతి నిండా తేనె. పొట్ట మీద పిల్లలు దొర్లుతున్నారు. పక్కన నేరేడమ్మ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

గుబురయ్య చాలాసేపు చూశాడు. కడుపులో మళ్ళీ మంట లేచింది. ఈసారి నెమలి మీద కాదు, కొండముచ్చు మీద కాదు, సూదమ్మ మీదా కాదు.

"వీడి సుఖం చూడు చెల్లెమ్మా," అన్నాడు. "వీడికి మూడు చెట్లుండేవి."

గోరింక గొంతు సవరించుకుంది. "మరి మద్దిచెట్టు బేరం మాటేమిటి దొరా?"

"ఆ చెట్టు నేరేడమ్మది. పోయి ఆమెనడుగు," అన్నాడు గుబురయ్య. గోరింక అడగడానికి పోలేదు. దానికీ ప్రాణం మీద తీపి ఉంది.

ఇంటికి వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి, జరిగిందంతా చెప్పాడు. నేరేడమ్మ విన్నది.

"ఆ ఫొటోలో ఉన్నవాడు లోపలికి రావచ్చు," అంది. "కొండముచ్చుతో పోటీకి పోయేవాడుంటే, వాడు అరుగు మీదే పడుకోవచ్చు."

లోపలికి ఒక్కడే వచ్చాడు.

ఆ ఏడు మద్దిచెట్టుకు బండిచక్రమంత తేనెపట్టు పట్టింది. మొదటి ముక్క సూదమ్మ ఇంటికి వెళ్ళింది. పుష్యమికి గోరింక ఇంకో కొత్త రకం దింపింది. గుబురయ్యకు కడుపులో కాస్త మండింది, లేదనడం ఎందుకు. తేనె తాగితే చల్లారింది.

పక్కవాడి చేతిలోకి చూసే కంటికి తన చేతిలోది ఎప్పుడూ పాతదే, పిల్లలూ.

ఇంకా నమ్మకం కుదరనివారు, ఆ పొద్దున్న గట్టు మీద చీమలు తింటూ అంతా చూసిన అలుగును అడగండి. అబద్ధమాడితే ఒంటి పొలుసులు రాలిపోతాయని దానికి మహా భయం, ఇంతవరకు ఒక్కటీ రాలలేదు. పేరు పెంకుల వీరాస్వామి.