గిన్నె లేని పైడమ్మ

"ఇంటింటా జబ్బు పంచే వైరస్ చేతికి మందిచ్చి పంపడమేమిటి మాస్టారూ? ఇంతకన్నా మర్యాదస్తులు దొరకలేదా?" అని మృణాళిని విసుక్కుంది.

విసుగుకి కారణముంది. కూర్మనాథం మాస్టారి ల్యాబులో ఆమెకి ఒకటే పని. వైరస్ లోపలున్న జబ్బు సరుకంతా తీసేసి, ఆ డొల్లలో మందు ప్రోటీను నింపి, రోగి కణాల్లోకి పంపాలి. శుభ్రత పిచ్చి కొద్దీ ఆమె డొల్ల పైనున్న, కణాన్ని పట్టుకునే ముళ్ళను కూడా నున్నగా గీకేసింది. ఇక ఆ డొల్లలు కణాల చుట్టూ తిరగడమేగాని ఒక్కటీ లోపలికి పోలేదు. నెలల చాకిరీ మట్టిగొట్టుకుపోయింది.

మాస్టారు వాదనకి దిగే మనిషి కాదు. పైగా ఆ రోజు ఆయనకే ఓ తలనొప్పి వచ్చిపడింది. ఇంట్లో ఆయన పెద్దమ్మ కోడలి మీద అలిగి, గదికి గడియ పెట్టుకుని, పొద్దుటినుంచి గుండె మాత్ర మింగలేదు. పూట తప్పితే ప్రమాదమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మాస్టారు మృణాళినిని వెంటబెట్టుకుని ఇంటికి నడిచారు.

అక్కడ డాక్టరు మెత్తగా పిలుస్తున్నాడు, కోడలు బతిమాలుతోంది. లోపలినుంచి సణుగుడే తప్ప గడియ కదల్లేదు. అంతలో పక్కింటి పైడమ్మ గిన్నె పట్టుకుని దిగబడింది. రోజూ గిన్నెడు పంచదార పట్టుకుపోయి, బదులుగా రెండు చాడీలు చెప్పి కొంపలో నిప్పు పెట్టిపోయే మనిషి. నేటి అలకా ఆవిడ చలవే. అయినా ఆవిడ గొంతు వింటే చాలు, పెద్దమ్మ తలుపు తీయకుండా ఉండలేదు.

మాస్టారు ఆ గిన్నె లాక్కున్నారు. చాడీల ఊసెత్తితే మళ్ళీ గడప తొక్కనివ్వనని చెప్పి, మాత్ర చేతిలో పెట్టి, మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళారు. మృణాళిని ఊరుకుంటేనా? అరవొద్దంది, తలుపు బాదొద్దంది, పమిట సర్దుకుని "అమ్మగారూ" అని మెల్లగా పిలవమంది. పైడమ్మ పాపం అలాగే పిలిచింది. లోపల సణుగుడు కూడా ఆగిపోయింది.

గ్లాసుతో తిరిగొచ్చిన మాస్టారు సంగతి విని తల పట్టుకున్నారు. ఎప్పటిలాగే పిలవమని పైడమ్మకి చెప్పారు. ఆవిడ రెండు చేతులా తలుపు బాది, వీధి దద్దరిల్లేలా అరిచింది.

"ఓలప్పా, తొంగున్నావేటి? తలుపు తియ్యి."

"నీ నోరు పడిపోనూ, వస్తున్నానుండు" అంటూ పెద్దమ్మ గడియ తీసింది. పైడమ్మని తిడుతూనే మాత్ర మింగింది.

మాస్టారు ఊపిరి పీల్చుకుని మృణాళిని వైపు తిరిగారు.

"తీసెయ్యాల్సింది గిన్నె కదమ్మా," అన్నారు విసుగ్గా. "నోరెందుకు కుట్టేశావు?"