టీచరమ్మ కారులో టకటక

దస్తగిరి మేస్త్రి దగ్గర ఏడుకొండలు పనికి చేరి తొమ్మిదేళ్లు నిండాయి. ఇంజను విప్పడం వచ్చు, బిగించడం వచ్చు. ఆటోమొబైల్ డిప్లొమా ఉంది. బండికి తగిలిస్తే జబ్బు పేరు చెప్పే స్కానరు ఉంది. చేతికి రానిదల్లా ఒక్కటే, మేస్త్రి స్క్రూడ్రైవరు.

అది మూరెడు పొడవుంటుంది, చెక్క పిడి. విజయవాడలో మేస్త్రికి పని నేర్పిన ఉస్తాదు పోతూ పోతూ ఇచ్చాడు. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, మేస్త్రి కళ్లు మూసుకునేవాడు. అప్పుడు షెడ్డులో ఎవరూ కిక్కురుమనేవారు కాదు. కాసేపటికి కళ్లు తెరిచి, "వాటర్ పంపు" అనేవాడు. విప్పి చూస్తే వాటర్ పంపే. మార్కాపురంలో బండి ఉన్న ప్రతివాడికీ ఆ చెవి గురించి తెలుసు.

మేస్త్రికి మాటలు తక్కువ. బండి కింద పడుకుని ఏడుకొండలు ఏమడిగినా పలికేవాడు కాదు. బయటికొచ్చి అడిగితే, "మొహం చూపించి మాట్లాడు" అనేవాడు. పక్క షెడ్ల వాళ్లు దానికి మౌనదీక్ష అని పేరు పెట్టారు. పెద్దవాళ్ల తీరు అంతేనని ఏడుకొండలు కూడా సరిపెట్టుకున్నాడు.

విజయదశమికి కంభం రోడ్డులో సొంత షెడ్డు తెరవాలని అతను ముహూర్తం పెట్టించుకున్నాడు. మామగారు దగ్గరుండి రేకులు కూడా వేయించారు. అయితే ఊళ్లో ఎవరు కనపడినా ఒకటే ప్రశ్న, మేస్త్రి స్క్రూడ్రైవరు ఇచ్చాడా అని. ఇవ్వకపోతే ఆ రేకుల కింద కూర్చుని ఈగలు తోలుకోవలసిందే. ఆ దిగులుతో అతనికి అన్నం సయించడం మానేసింది.

చివరికి ధైర్యం చేసి అడిగేశాడు. మేస్త్రి అతని మొహంలోకే చూస్తూ అంతా విన్నాడు.

"టీచరమ్మ కారులో శబ్దం పట్టు. పట్టిన రోజు తీసుకో."

ఇంతేనా అనుకున్నాడు ఏడుకొండలు.

టీచరమ్మ అంటే అనసూయమ్మ. తర్లుపాడు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. యాభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, పాత తెల్ల కారొకటి కొనుక్కుని, రోజూ తనే నడుపుకుంటూ బడికి వెళ్లొస్తుంది. ఆ కారు ముందు భాగంలోంచి ఏదో శబ్దం వస్తోందని ఆవిడ ఫిర్యాదు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. శబ్దం వస్తోందని వచ్చినవాళ్లు ముందు ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపించాలి, ఎంత పెద్దమనిషైనా సరే. ఒక ప్లీడరుగారు నడి షెడ్డులో నిలబడి కీచుకీచుమన్నారు. ఒక తాసీల్దారు బుగ్గలు పూరించి గుర్రుగుర్రుమన్నారు. స్కానరు చేతిలో ఉండగా ఈ కప్పల కచేరీ ఏమిటని ఏడుకొండలుకి చిన్నతనంగా ఉండేది.

అనసూయమ్మ అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "టక్... టక్... తర్వాత టకటకటక" అంది. అని, "ఇది ఎప్పుడొస్తుందంటే బాబూ, నలభై స్పీడు దాటాక..." అని మొదలుపెట్టింది.

"టాపెట్లమ్మా" అన్నాడు ఏడుకొండలు.

ఆవిడ నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది.

కారుని లోపలికి తోసేముందు అతను ఎప్పుడూ చేసే పనే చేశాడు. ముందు బంపరుకి వేలాడుతున్న దిష్టితీగ, అదే నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చినది, విప్పి గోడ మేకుకి తగిలించాడు. అది కిందపడి కాలికి తగిలితే అరిష్టమని అతని భయం. డిప్లొమా చదివిన మాట నిజమే గానీ, నడిరోడ్డు మీద నిమ్మకాయ కనపడితే ఇప్పటికీ చుట్టూ తిరిగి వెళతాడు.

ఇంజను వాల్వుల దగ్గరి టాపెట్లు సరిచేసి, రైల్వే గేటు దాకా నడిపి చూశాడు. చప్పుడు లేదు. దిష్టితీగ మళ్లీ బంపరుకి కట్టి, కారు అప్పగించాడు. మర్నాడు పొద్దున్నే బడి నుంచి ఫోను. "వచ్చింది బాబూ."

రెండోసారి ఆవిడ సంచిలోంచి ఏదో పుస్తకం తీయబోతూ, ఏ రోజు వస్తోందో ఏ రోజు రావట్లేదో రాసి పెట్టుకున్నానని చెప్పబోయింది. "మౌంటింగులమ్మా" అన్నాడు. పుస్తకం మళ్లీ సంచిలోకి వెళ్లిపోయింది. ఇంజనుని పట్టి ఉంచే మౌంటింగులు మార్చాడు, బెల్టు మార్చాడు, నడిపి చూశాడు, తీగ కట్టి ఇచ్చేశాడు.

ఈసారి శబ్దం ఆగింది. ఒకరోజు కాదు, వారం కాదు, ఏకంగా పన్నెండు రోజులు. ఏడుకొండలు కాలరెగరేసుకుని ప్రతి షెడ్డుకీ వెళ్లి ఆ సంగతి చెప్పి, వాళ్ల టీ తాగి వచ్చాడు. మేస్త్రి ముందు నిలబడి చెయ్యి చాపాడు కూడా. మేస్త్రి ఆగమన్నాడు. పదమూడో రోజు పొద్దున తెల్ల కారు షెడ్డు ముందు ఆగి ఉంది.

ఇక లాభం లేదని ఇంజను దింపాడు. మూడు రోజులు దానితోనే కాపురం. ఎక్కడా ఏ లోపమూ లేదు. స్కానరు తగిలిస్తే బండి నిక్షేపంలా ఉందంది. ఇంజను బిగించి ఏకంగా తర్లుపాడు దాకా వెళ్లి వచ్చాడు. కారు ఉయ్యాల్లో పసిబిడ్డలా నిశ్శబ్దంగా ఉంది.

విజయదశమి ఇంకా మూడు వారాలుంది. మామగారు ఆహ్వానాలు కూడా పంచేశారు. ఏడుకొండలు ఏడుపు మొహంతో మేస్త్రి దగ్గరికి వచ్చాడు.

"శబ్దం కారులో లేదు మేస్త్రీ. టీచరమ్మ చెవుల్లో ఉంది."

"ఎవరి చెవుల్లో?" అన్నాడు మేస్త్రి.

"టీచరమ్మ చెవుల్లో."

మేస్త్రి ఆవిణ్ణి రమ్మనమన్నాడు.

అనసూయమ్మ బడి వదిలాక వచ్చింది. మేస్త్రి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తను స్టూలు లాక్కుని సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. టీ తెప్పించాడు. వెనక కంప్రెసరు దడదడలాడుతున్నా దాన్ని కట్టేయమని అనలేదు. బండి వంక చూడనైనా లేదు.

"మొదటి నుంచి చెప్పమ్మా" అన్నాడు.

ఆవిడ నిజంగానే మొదటి నుంచి చెప్పింది. క్లాసులో అరవై మందికి వినపడేలా చెప్పి అలవాటైన గొంతు, కంప్రెసరుకి లొంగలేదు. డ్రైవింగ్ నేర్చుకుంటానంటే ఇంట్లో ఆయన రెండు రోజులు మాట్లాడకపోవడం దగ్గర మొదలైంది. రెండో గేరులోనే ఒంగోలు దాకా వెళ్లిన వైనం వచ్చింది. చెల్లెలి మనవరాలి బారసాల వచ్చింది. టీ అయిపోయింది, మళ్లీ వచ్చింది. మధ్యలో మూడుసార్లు ఏడుకొండలు ఏదో చెప్పబోయాడు. మేస్త్రి ఆవిడ మొహం మీంచి చూపు తిప్పకుండానే మూడుసార్లూ అరచెయ్యి ఎత్తాడు.

నలభై నిమిషాల తర్వాత, ఆవిడ సంచిలోంచి గళ్ల పుస్తకం తీసింది.

"శబ్దం వచ్చిన రోజుకి ఎర్ర గుర్తు, రాని రోజుకి నీలం గుర్తు. ఇది చూపించబోతేనే ఈ బాబు మౌంటింగులన్నాడు."

మేస్త్రి పుస్తకం అందుకున్నాడు. పన్నెండు రోజులు అటూ ఇటుగా అన్నీ నీలాలే. ఆ తర్వాత అన్నీ ఎర్రవే. మళ్లీ నీలాలు, మళ్లీ ఎర్రవి. మూడు నెలలుగా అదే వరస. ఆయన లేచి గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి, వేలితో తేదీలు వెతుక్కుంటూ పోయాడు. నీలం మొదలయ్యే ప్రతి చోటా ఆయన వేలు ఒక నల్ల సున్నా పక్కన ఆగింది.

"అమావాస్య" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

ఏడుకొండలుకి నవ్వాగలేదు. ఇంజనుకి తిథులేమిటి, ఇక వారాలూ వర్జ్యాలూ కూడా చూడాలా అని ఆయన వీపు వంక చూస్తూ అనేశాడు. మేస్త్రి పలకలేదు. దీక్షలో ఉన్నాడనుకున్నాడు.

మేస్త్రి వెనక్కి తిరిగి, "అమ్మా, మీ బండికి నిమ్మకాయ ఎవరు కడతారు?" అని అడిగాడు.

"మా వారే. ప్రతి అమావాస్యకీ పాతది తీసి కొత్తది కడతారు. నాకా నమ్మకాలు లేవు మేస్త్రీ. ఇంట్లో గొడవెందుకని ఊరుకుంటా."

మేస్త్రి గోడ దగ్గరికి నడిచాడు. మూడు రోజుల కిందట ఏడుకొండలు తగిలించిన దిష్టితీగ మేకుకి అలాగే వేలాడుతోంది. అమావాస్యకి మెత్తగా ఉన్న నిమ్మకాయ ఇప్పుడు ఎండి, నల్లబడి, వక్కలా గట్టిపడింది. దాన్ని తీసుకెళ్లి బంపరుకి, ఎప్పుడూ ఉండే చోటే కట్టాడు. టీచరమ్మని కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకోమన్నాడు. అప్పుడు ముందర గొంతుక్కూర్చుని, ఒక్క వేలితో నిమ్మకాయని వెనక్కి నెట్టి వదిలాడు.

అది నంబరు ప్లేటుకి కొట్టుకుంది. టక్.

ఇంకోసారి. టక్. ఆ తర్వాత, నలభై దాటాక గాలి ఎలా ఊపుతుందో అలా ఊపాడు. టకటకటక.

కారు లోపల అనసూయమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అద్దం దించి, "అదే. అచ్చం అదే" అంది. అని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని మళ్లీ నవ్వింది. ఆ నిమ్మకాయని మొగుడికి చూపించాలని జాగ్రత్తగా సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. వెళుతూ ఏడుకొండలుని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండుననిపించింది అతనికి.

చాలాసేపు అతను స్కానరుకి వైరు చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం చేశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. చివరికి లేచి వెళ్లి మేస్త్రికి ఎదురుగా నిలబడ్డాడు.

"మూడుసార్లూ దాన్ని తీసింది నేనే మేస్త్రీ. రెండుసార్లు మళ్లీ కట్టి పంపింది నేనే. తీసేసి నడిపి చూస్తే ఇంకెక్కడి శబ్దం."

"ఎందుకు తీసేవాడివి?"

"కాలికి తగిలితే అరిష్టమని."

మేస్త్రి నవ్వాడు. తొమ్మిదేళ్లలో ఆయన పళ్లు చూడడం ఏడుకొండలుకి అదే మొదటిసారి. ఎంతసేపటికీ ఆగకపోతే అతనికే భయమేసింది. ముహూర్తం వాయిదా వేసుకుంటానని, ఇంకో ఏడాది ఇక్కడే ఉంటానని చెప్పాడు.

మేస్త్రి లేచి, అలమరలోంచి స్క్రూడ్రైవరు తీసి, పాతగుడ్డతో తుడిచి అతని చేతిలో పెట్టాడు.

ఏడుకొండలు వెనక్కి తగ్గాడు. "శబ్దం పట్టింది నేను కాదుగా?"

"నేను మాత్రం దాంతో పట్టానా? ఉంచుకో. అందులో నాకు వినపడక నాలుగేళ్లయింది. రెండు చెవులూ పోయినయి."

మొహం చూపించి మాట్లాడమనడం ఎందుకో ఏడుకొండలుకి ఇప్పుడు అర్థమైంది. నాలుగేళ్లుగా బండ్ల కింద పడుకుని తను అడిగినవన్నీ గుర్తొచ్చాయి. అన్నీ ఇనప సామాను విని ఊరుకుంది. దుఃఖం వచ్చింది. అంతలోనే అనుమానమూ వచ్చింది.

"మరి రోజూ చెవికి పెట్టుకుంటారుగా?"

"అది చెవికి పెట్టుకుంటే చుట్టుపక్కలోళ్లు కాసేపు నోరు మూసుకుంటారబ్బాయ్. ఆ కాసేపట్లో, బండాయన చెప్పిందంతా ఒకసారి తల్చుకుంటా."

విజయదశమి నాడు ముహూర్తానికే షెడ్డు తెరిచారు. కొబ్బరికాయ కొట్టిన అరగంటకి దోర్నాల నుంచి ఒక జీపు వచ్చింది. ఓనరు దిగుతూనే గోడకి తగిలించిన స్క్రూడ్రైవరు వంక భక్తిగా చూసి, ఘాటు ఎక్కేటప్పుడు బండి ఏదో శబ్దం చేస్తోందని మొదలుపెట్టాడు.

"క్లచ్చు ప్లేటు" అన్న మాట ఏడుకొండలు నాలిక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. వెళ్లి కంప్రెసరు కట్టేశాడు. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"ముందు ఆ శబ్దం నోటితో చేసి చూపించండన్నా" అన్నాడు. "మొహమాటపడకండి. టీ వస్తోంది."