దుంపల పెరట్లో సగం వాటా

కొండవాలు మీద ఐదారు బొరియలు, ఒక్కో బొరియ ముందు ఒక చిన్న పెరడు. ఎండాకాలం వస్తే ఆ వాలు మీద గడ్డిపోచ మిగలదు. బంగాళాదుంపలు దాచుకున్నవాళ్లే తింటారు, మిగతావాళ్లు ఊరు విడిచి పోతారు. కుందేలుకి ఇంటినిండా పిల్లలు. ఎక్కడికీ పోయే వీలు లేదు.

మూడు రోజులు విడవకుండా మంచు కురిసింది. మర్నాడు పొద్దున బయటికొచ్చిన కుందేలు గుమ్మంలోనే నిలబడిపోయింది. నిన్న పచ్చగా ఉన్న మొక్కలు నల్లబడి, ఎవరో వేడినీళ్లు కుమ్మరించినట్టు వాలిపోయి ఉన్నాయి. ఒక ఆకు తిప్పి చూసింది. అడుగున తెల్లటి బూజు. పక్క ఆకూ అంతే. ఆ సాలంతా అంతే.

ముందుగా వచ్చింది పందికొక్కు. ఎవరింట్లో ఏడుపు వినిపించినా ముందు చేరేది అదే.

"ఎంత పని జరిగింది చెల్లెమ్మా. నిన్న ఇటు వెళ్తూ చూశాను, కళకళలాడుతోంది."

"ఒక్క రాత్రి అన్నా. ఒక్క రాత్రిలో."

"ఇది పైనుంచి కిందికి దిగుతుంది. ఇవాళ ఆకు, రేపు దుంప. ఎల్లుండికి నీకు మట్టి తప్ప ఏమీ మిగలదు. ఇప్పుడే తవ్వెయ్యాలి."

"నా ఒక్కదానివల్ల అవుతుందా?"

"నేను లేనూ? తవ్వుతాను, మోస్తాను. సగం నాకివ్వు."

"సగమా?"

"మొత్తం పోవడంకన్నా నయమే కదమ్మా. నాకేం ఆశ? నీ పిల్లల మొహం చూసి అంటున్నాను."

కుందేలు చూపు ఇంకా ఆ ఆకు మీదే ఉంది. సరే అంది. దేనికి సరే అందో దానికే సరిగా తెలియలేదు. పందికొక్కుకి మాత్రం బాగా వినిపించింది. అప్పుడే కంచె దగ్గరికి వచ్చిన ముళ్లపందిని చూసి, "అక్కా, నువ్వే సాక్షి. పంటలో సగం నాదంది" అంది.

ముళ్లపంది వయసులో పెద్దది. పరామర్శకు వచ్చి తిట్టిపోతుందని దానికి పేరు.

"లోపలికి రా అత్తా" అంది కుందేలు.

"రాను. ఈ తడి ఆకులు ఒంటికి రాసుకుని ఇంటికెళ్తే నా పెరడూ ఇంతే. ఇది ఆకుమాడు తెగులు. గాలికి వస్తుంది, తడికి పెరుగుతుంది. ఆ మూలన గుబురుగా ఉన్న మొక్క నువ్వు నాటిందేనా?"

"కాదు. పోయినేడు మట్టిలో మిగిలిన దుంప మొలిచింది. ఊరికే వచ్చింది కదా అని ఉంచాను."

"అక్కడే మొదలైంది. దాని కాడలు చూడు, అన్నిటికన్నా ముందే మాడిపోయాయి. ఇక మొక్కలు ఒకదాని మీద ఒకటి పడేలా నాటావు. సాయంత్రాలు ఆకుల మీద నీళ్లు చల్లావు. తెగులుకి పీట వేసి కూర్చోబెట్టావు."

"తిట్టేది తర్వాత తిట్టు అక్కా" అంది పందికొక్కు. "ముందు తవ్వనీ."

"తవ్వితేనే పంట పోతుంది. దుంప మీద ఇంకా మట్టి ఉంది. ఇప్పుడు బయటికి తీస్తే ఈ ఆకుల మీది బూజంతా లేత తొక్కకి అంటుకుంటుంది. కాడలు నేలకంటా కోసి, దూరంగా, లోతుగా పాతిపెట్టాలి. ఎరువు గుంటలో వెయ్యకూడదు. సాళ్ల మీదికి ఇంకాస్త మట్టి ఎగదొయ్యాలి. ఆ తర్వాత రెండు వారాలు వాటి జోలికి పోకూడదు."

"రెండు వారాలట" అని పందికొక్కు నవ్వింది. "అప్పటికి కుళ్లిన గుజ్జుని చెంచాతో ఎత్తుకోవాలి."

కుందేలు ఇద్దరి మొహాలూ చూసింది.

"అన్నా, తవ్వెయ్యడమే మంచిదని నీకు నమ్మకమేనా?"

"నా పిల్లల మీద ఒట్టు."

"అయితే మాట ఇచ్చాను కాబట్టి సగం తీసుకో. ఏ సగమో నువ్వే ఎంచుకో, ఇవాళే తవ్వుకో. నా సగం మట్టిలోనే ఉంటుంది."

ఇంత సులువైన బేరం పందికొక్కు ఎన్నడూ చూడలేదు. "నీది కుళ్లాక నన్ననకు" అంది.

"అనను."

"నీ సొంత దుంపలతో మాత్రం కలపకు" అంది ముళ్లపంది.

"నా కొట్టు సంగతి నాకు తెలుసులే అక్కా."

పందికొక్కు వాగు వైపు సగం ఎంచుకుంది. దుంప లావుగా ఊరేది అక్కడే. తడి మట్టిలోనే తవ్వింది, మాడిన ఆకుల మీదుగానే ఈడ్చుకెళ్లింది, తన కొట్టులో ఉన్న దుంపల మీదే కుప్ప పోసింది. ఎవరూ వచ్చి అడగకుండా కొట్టు ద్వారం మట్టితో మూసేసింది. కుందేలు రెండు వైపులా మిగిలిన కాడలన్నీ పళ్లతో కొరికి, ఆ చేదు ఉమ్మేస్తూ, అవతల గట్టు కింద పాతిపెట్టింది. బోసిపోయిన ఆ పెరడు చూసి వాలు మీదవాళ్లంతా జాలిపడ్డారు.

రెండు వారాలు దాటాక ఒక పొడి రోజు చూసి కుందేలు మట్టి గీరింది. మొదటి దుంప చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. తొక్క గట్టిపడింది. మచ్చ లేదు. అక్కడక్కడ గోధుమరంగు మచ్చలున్నవి దొరికితే వేరు చేసింది. మంచివి గట్టు మీద ఆరబెడుతుండగా పందికొక్కు బొరియ నుంచి కేక వినిపించింది.

అందరూ పరుగెత్తారు. ద్వారం దగ్గరే ఆగిపోయారు. పశువు చచ్చి కుళ్లినట్టు వాసన. తెరిచిన కొట్టులోంచి గోధుమరంగు జిగురు కారుతోంది. అందులో మోకాళ్ల దాకా మునిగి పందికొక్కు నిలబడి ఉంది.

"నా సొంతవి కూడా" అంది. కాసేపటికి మళ్లీ అదే మాట అంది. "నా సొంతవి కూడా."

ఎవరికీ నవ్వు రాలేదు. తేరుకున్నాక అది కుందేలు వైపు తిరిగింది. "నాకు రోగం దుంపలు అంటగట్టావు."

"ఎంచుకున్నది నువ్వే అన్నా. నాకు చెప్పిన సలహానే నువ్వు పాటించావు."

పందికొక్కు కుప్పలో చెయ్యి పెట్టి వెతికింది. "కొన్ని గట్టిగానే ఉన్నాయి. విత్తనానికి దాచుకుంటాను."

"వాటిని నాటితే వచ్చే ఏడు మా అందరికీ తెగులు పంచుతావు" అంది ముళ్లపంది. "ఒక్కటి కూడా మిగల్చకుండా పాతెయ్యి."

ఆ ఎండాకాలం పందికొక్కు పిల్లలకు కుందేలే దుంపలు పెట్టింది. తండ్రికి పెట్టలేదు. పందికొక్కూ అడగలేదు.

భయపడినవాడి దగ్గర కొట్టేసిన లాభం ఇంట్లో ఉన్నదాన్ని కూడా కుళ్లబెడుతుంది.