దూలం కింద ప్రకటన

పైడికోట ఏలే అనంగభూపాలుడికి ఒకనాడు భోజనం మధ్యలో ఒక ఆలోచన వచ్చింది. ఏడాది పొడుగునా కొలువు నుంచి ప్రజలకు ఎన్నో ప్రకటనలు వెళ్తున్నాయి, వాటిలో మేలైనదానికి బంగారు కడియం ఇస్తే బాగుంటుందని. మజ్జిగన్నం కలుపుకునేలోపే ఆజ్ఞ కూడా అయిపోయింది.

కడియం ఎవరికని ఎవరూ అడగలేదు. ప్రకటనలన్నీ రాసేది విరూపాక్షభట్టు ఒక్కడే. శబ్దకేసరి అని బిరుదు. ఆ బిరుదు ఇచ్చింది ఎవరో ఆయనకే తెలియాలి. ఆజ్ఞ వెలువడిన గంటలోనే ఆయన తన మణికట్టు కొలత కంసాలికి పంపించాడు.

సరిగ్గా ఆ వారమే ఎగువ నుంచి వార్త వచ్చింది. కొండల్లో వానలు దంచుతున్నాయి, గురువారానికి ఏరు పొంగి లంకలు మునుగుతాయి. లంకల్లో నాలుగు వందల గడపలున్నాయి. వాళ్లను ఒడ్డుకు రమ్మని చాటించమని రాజు భట్టుకు చెప్పి, ఇక ఆ సంగతి అయిపోయిందనుకున్నాడు.

భట్టు రాశాడు. చాటింపు వేసే గంటయ్య దాన్ని రెండు రోజులు కూర్చుని బట్టీపట్టి, సోమవారం పడవెక్కి వెళ్లి డప్పు కొట్టి వల్లించాడు. సాయంత్రానికి చేతిలో కొబ్బరిచిప్పతో తిరిగొచ్చాడు.

అతన్ని ఆపి అడిగింది సింగారమ్మ. రాజుగారికి తాంబూలం చుట్టి ఇవ్వడం ఆమె పని. అరవై ఏళ్ల మనిషి, నవ్వకుండా మాట్లాడుతుంది. లంకవాళ్లు ఏమన్నారని అడిగితే, చాలా భక్తిగా విన్నారని చెప్పాడు గంటయ్య. ఏదో పూజ మంత్రమనుకుని కొబ్బరికాయ కొట్టారట. సగం చిప్ప ప్రసాదమని అతని చేతిలో పెట్టి, మళ్లీ వంగతోటలోకి వెళ్లిపోయారట. ఒక్కరూ మూట కట్టలేదు.

సింగారమ్మ నేరుగా భట్టు దగ్గరికి వెళ్లింది. మాటలు కాస్త తేలిక చేయమని అడిగింది. ప్రజలు పైకి ఎదగాలి గాని తన భాష కిందికి దిగదని భట్టు జవాబు.

ఆమె వేరే సంగతి ఎత్తింది. రేపు సభలో కడియం ఇచ్చేముందు ఆయన నోట కొత్త ప్రకటన ఒకటి వింటే అందరూ సంతోషిస్తారంది. విషయం కూడా తనే చెప్పింది. సభామందిరం దూలం బీటవారింది, అందరూ వెంటనే బయటికి వెళ్లాలి.

దూలం మరీ సామాన్యమైన విషయమనీ, అయినా తన చేతిలో పడితే దాని స్థాయి పెరుగుతుందనీ అన్నాడు భట్టు. దూలం నిజంగా బీటవారిందా అని మాత్రం అడగలేదు.

మంగళవారం సభ నిండింది. భట్టు శాలువా సర్దుకుని లేచి చదివాడు.

"భో భో సభాస్తార సముదయమా! భవన్మస్తకోపరి విలంబమాన దారుదండంబు విదళనోన్ముఖంబై యున్నయది గావున, అవిలంబితంబుగా మందిరాభ్యంతర పరిత్యాగ పూర్వక బహిర్గమనంబు శ్రేయోదాయకంబు."

సభ చప్పట్లతో మారుమోగింది. మంత్రి కళ్లు తుడుచుకున్నాడు. సేనాపతి మళ్లీ చదవమని అడిగాడు. భట్టు మళ్లీ చదివాడు, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా, సరిగ్గా దూలం కిందే నిలబడి. రాజు తల ఊపుతూ కడియానికి చెయ్యి చాచాడు.

సింగారమ్మ తాంబూలం పళ్లెం పక్కన పెట్టి, ఒక మనవి ఉందని ముందుకొచ్చింది.

"ప్రభూ, భట్టుగారు చెప్పినట్టు ఎవరూ చేయలేదేం?"

ఏం చేయాలని రాజు అడిగాడు. మంత్రి వైపు చూశాడు. మంత్రి సేనాపతి వైపు చూశాడు. సేనాపతికి చూడ్డానికి ఎవరూ మిగల్లేదు. పోనీ నువ్వే చెప్పమన్నాడు రాజు.

సింగారమ్మ పైకి చూసి, మామూలు గొంతుతోనే అంది.

"దూలం పగిలింది. బయటికి నడవండి."

మందిరం ఖాళీ అయింది. ముంగిట్లోకి అందరికంటే ముందు చేరింది రాజు. ఆ వెనకే, ఒక కాలికి చెప్పు లేకుండా, భట్టు.

ఊపిరి తిరిగాక, పగులు ఎంతుందని అడిగాడు రాజు.

"వెంట్రుకంత ప్రభూ. పదేళ్లకైనా ఏం కాదన్నాడు వడ్రంగి. లంకల్లో వాళ్లకి మాత్రం రెండు రోజులే ఉన్నాయి. వాళ్లూ నిన్న మీలాగే చాలా మెచ్చుకున్నారట, కొబ్బరికాయ కూడా కొట్టారు."

రాజుకి నవ్వు రాబోయి ఆగిపోయింది. గురువారం దాకా కొలువులో చాటింపులన్నీ సింగారమ్మ చెప్పినట్టే జరగాలన్నాడు.

ఆ పూటే గంటయ్య మళ్లీ పడవెక్కాడు. ఈసారి బట్టీపట్టాల్సిన పని లేకపోయింది. "గురువారం ఏరు పొంగుతుంది. పిల్లల్నీ గొడ్లనీ తీసుకుని ఒడ్డుకు రండి." అతని వెనకే సింగారమ్మ ఎర్రటి జేగురు ముంతతో ఇంటింటికీ తిరిగి, ఎగువవాళ్లు చెప్పిన లెక్కన నీళ్లు గోడ మీద ఎంతెత్తు వస్తాయో అక్కడ గీత గీసింది. చెవుడున్న ముసలాయన ఒకడు గీత పక్కన నిలబడి చూసుకున్నాడు. గడ్డం దగ్గరికి వచ్చింది. వెంటనే వెళ్లి గొడ్లను విప్పాడు.

బుధవారం పొద్దుగూకేసరికి నాలుగు వందల గడపల వాళ్లూ ఒడ్డున ఉన్నారు. గురువారం ఏరు గీతను దాటి రెండు వేళ్లు పైకి లేచింది. లంకల్లో అప్పటికి ఒక్క మనిషీ లేడు.

వరద తీశాక సభ మళ్లీ కూడింది. కడియం సింగారమ్మకే అన్నాడు రాజు. దానితోపాటు ఇచ్చే యోగ్యతాపత్రం రాయాల్సింది మాత్రం భట్టే. ఆయన తాటాకుల కట్టతో వచ్చాడు. రాజు ఆ కట్ట పక్కన పెట్టించి, తమలపాకంత ఆకుముక్క చేతికిచ్చాడు.

భట్టు చాలాసేపు చెమటలు కక్కి, రాసి, లేచి చదివాడు.

"ఈమె చెబితే అర్థమవుతుంది."

సభంతా పగలబడి నవ్వింది. చప్పట్లు కొట్టింది. శబ్దకేసరి రాసినదాంట్లో ఇంతమందికి ఒకేసారి అర్థమైంది అదే మొదలని రాజు అంటే, కాసేపటికి భట్టు కూడా నవ్వాడు.