తోస్తే అతికిన గొట్టం

నీలవరం రాజు మల్లభూపతికి ఒక పొద్దున పట్టుదల పుట్టింది. సాయంత్రం పొరుగు రాజు విందుకు వచ్చేసరికి తోటలో ఫౌంటెన్ నిలువెత్తున ఎగరాలి. తీరా చూస్తే దానికి నీళ్లు తెచ్చే రాగి గొట్టం చీలి ఉంది.

ఆస్థాన శిల్పి దండపాణిని పిలిపించారు. ఆయన ముందు కండువా సర్దుకుని, తర్వాత గొట్టం చూశాడు.

"గొట్టం ఆరాలి, సీసం కరిగించి పోయాలి. రెండు రోజుల పని ప్రభూ."

తోటకు నీళ్లు పెట్టే ఓబులమ్మ అక్కడే ఉంది. కంచరివాళ్ల ఇంట పుట్టిన మనిషి.

"అన్నం ఉడికేలోపు నేను చేస్తానండి" అంది.

చీలిన ముక్క కోసేసి, అంచులు నున్నగా రాసింది. తాను చేసుకున్న జానెడు కంచు తొడుగు తెచ్చి, గొట్టం కొసలు రెండు వైపుల నుంచీ అందులోకి తుదికంటా తోసింది. లోపల నూనెలో నానిన తోలు పట్టీ నీళ్లు కారనివ్వదు. పళ్లున్న కంచు వలయం గొట్టాన్ని కరిచి పట్టుకుంటుంది. అంతే, పని అయిపోయింది.

సాయంత్రం ఫౌంటెన్ ఎగిరింది. అతిథి మెచ్చుకున్నాడు. దండపాణి మొహం మాత్రం మాడింది.

"తోస్తే వెళ్లింది లాగితే రాదా ప్రభూ? ఇలాంటి దాన్ని నమ్మితే కోట మునుగుతుంది."

రాజు పందెం పెట్టాడు. "మూడు రోజులు చూద్దాం. నిలిస్తే కోటలో గొట్టాల పనంతా ఓబులమ్మదే. ఊడితే ఆమె కొలువు వదిలి వెళ్లాలి."

మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ గొట్టం ఊడింది. మల్లెపాదులు మడుగయ్యాయి.

ఓబులమ్మ పరుగున వచ్చింది. ఇరవై ఏళ్ల కొలువు. వంగి గొట్టం కొస తడిమింది. బలంగా లాగి ఉంటే ఆ పళ్లు రాగిని లోతుగా గీయాలి. కొస నున్నగా ఉంది. ఆమె మెల్లగా లేచింది.

"ప్రభూ, నీళ్లు ఆపించి మళ్లీ తోస్తాను. ఎవరినైనా లాగి చూపించమనండి."

ఇద్దరు వస్తాదులు చెరో వైపు పట్టి లాగారు. చెమటలు కారాయి గాని గొట్టం వెంట్రుకవాసి కదల్లేదు.

దండపాణి నవ్వాడు. "కండలు కాదు, తెలివి ఉండాలి." ముందుకొచ్చి తొడుగు అంచును ఒక చేత్తో లోపలికి నొక్కి, రెండో చేత్తో లాగాడు. గొట్టం చప్పుడు లేకుండా బయటికొచ్చింది.

"చూశారా ప్రభూ, ఇదీ దీని పటిమ."

రాజు ముఖం ముడుచుకుంది. ఓబులమ్మ చేతులు జోడించింది.

"అంచు నొక్కితేనే పళ్లు పట్టు వదులుతాయని నేనెవరికీ చెప్పలేదండి. శిల్పిగారు ఎప్పుడు నేర్చుకున్నారో కాస్త కనుక్కోండి."

దండపాణి చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

"మధ్యాహ్నం భోజనాల పంక్తిలో మీ పీట ఖాళీగా ఎందుకుందా అనుకున్నాను" అన్నాడు రాజు.

ముందు నవ్వింది వస్తాదులు. తర్వాత రాజు. ఆపై తోటంతా నవ్వింది. రాజు తన చేతి బంగారు కడియం తీసి ఓబులమ్మకిచ్చి, గొట్టాల పనంతా ఆమెకే అప్పగించాడు. పాదుల్లో నీళ్లు తోడే పని శిల్పిగారికి దక్కింది.